తీసి మళ్లీ పెట్టేసిన సరుకు: అనంతపురంలో ఒక కొత్త సూపర్‌మార్కెట్ పరిశీలన

ఏది అమ్ముడుపోయిందో బిల్లు చూస్తే తెలుస్తుంది. ఏది చేతికి తీసుకుని, తిప్పి చూసి, మళ్లీ ర్యాక్‌లో పెట్టేశారో ఏ బిల్లులోనూ ఉండదు. కొత్తగా తెరిచిన అంగడి తప్పులన్నీ ఆ రెండో లెక్కలోనే దాగి ఉంటాయి. అది తెలియాలంటే నిలబడి చూడాల్సిందే.

ఈ కేసులోని అంగడి అనంతపురంలో పాతూరు కిరాణా అంగళ్లకు కిలోమీటరు లోపే ఉంది. పేరు ఇక్కడ అనవసరం. ఒకే అంతస్తు, సుమారు 3,500 చదరపు అడుగులు, మూడు బిల్లింగ్ కౌంటర్లు, గాజు తలుపు, ఏసీ. వచ్చేవాళ్లలో చుట్టుపక్కల కొత్త కాలనీల ఉద్యోగులున్నారు, బుక్కరాయసముద్రం, రాప్తాడు వైపు నుంచి పనిమీద ఊర్లోకి వచ్చిపోయే రైతు కుటుంబాలూ ఉన్నాయి. యజమాని ఫిర్యాదు ఒక్కటే: జనం వస్తున్నారు, తిరుగుతున్నారు, చిన్న బిల్లుతో పోతున్నారు, నెల సరుకులు మాత్రం ఇప్పటికీ పాతూరులోనే కట్టించుకుంటున్నారు. ధర ఎక్కువని ఆయన అనుమానం. బేడల (పప్పుల) మీద కేజీకి రెండు మూడు రూపాయలు తగ్గించడానికి సిద్ధపడ్డారు కూడా. తగ్గించే ముందు చూడాలన్నదే ఈ పరిశీలన ఒప్పందం.

ఏ రోజులు చూడాలి

ప్రారంభోత్సవం నాటి నుంచి రెండు వారాలు వదిలేయాలి. అప్పుడొచ్చే జనంలో సగం మంది వెలుగు చూడ్డానికొచ్చినవాళ్లు, మిగతావాళ్లు కరపత్రంలోని చక్కెర ధర కోసం వచ్చినవాళ్లు. ఆ రోజుల్లో కొలిస్తే కరపత్రం బలం తెలుస్తుందే తప్ప అంగడి సంగతి తెలియదు.

మూడో వారం నుంచి మొదలుపెట్టి, నెలలో రెండు భాగాలూ చూడాలి. 1 నుంచి 7 వరకు జీతాలు, పింఛన్లు చేతిలో ఉంటాయి. 20 దాటాక చేతులు బిగుస్తాయి. 3వ తేదీన ట్రాలీ తోసుకుంటూ తిరిగిన మనిషే 24న రెండు ప్యాకెట్లు చేత్తో పట్టుకుని బయటికొస్తాడు. ఒక ఆదివారం సాయంత్రం, ఒక మామూలు రోజు పొద్దున 11 గంటలు, ఒక పండగ ముందు రోజు తప్పనిసరి. శనివారం నూనె కొనకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్లు ఇక్కడ చాలానే. శనివారం ఒక్కరోజు నూనెల దగ్గర నిలబడి చూసి, నూనె కదలడం లేదని రాసేస్తే నవ్వులపాలే. రంజాన్ నెల సాయంత్రాలు వేరే లోకం. ఖర్జూరం, సేమ్యా, పాలు ఇఫ్తార్‌కు ముందు గంటలోనే కదులుతాయి. ఆ నెల కొలతలు విడిగా ఉంచుకోవాలి, మిగతావాటితో కలపకూడదు.

కాగితం, పెన్సిలు

పనిముట్లు తక్కువే. అంగడి నమూనాను టేపుతో కొలిచి ఏ4 కాగితం మీద గీయాలి. ర్యాకులు, స్తంభాలు, తలుపు, కౌంటర్లు అన్నీ అందులో ఉండాలి. దానికి జిరాక్సులు తీసి, వచ్చిన ఒక్కో జట్టుకు ఒక్కో కాగితం వాడాలి. భార్యాభర్తలు, పిల్లాడు కలిసి వస్తే అది ఒక జట్టు. వాళ్లు నడిచిన దారిని పెన్సిలుతో గీసుకుంటూ పోవాలి. ఆగిన చోట 'ఆ', ముట్టుకుంటే 'ము', బుట్టలో వేస్తే 'వే', తిరిగి పెట్టేస్తే 'తి'. లోపలికొచ్చిన నిమిషం, బిల్లు వరుసలో నిలబడిన నిమిషం, బయటపడిన నిమిషం పక్కన రాయాలి. అంతకంటే ఎక్కువ రాయబోతే కళ్లు కాగితం మీదే ఉండిపోతాయి.

ఎవర్ని చూడాలో పరిశీలకుడు ఎంచుకోకూడదు. ఎంచుకుంటే చూడ్డానికి సరదాగా ఉన్నవాళ్లే కంటికి ఆనతారు. తలుపు దాటిన ప్రతి మూడో జట్టు అని నియమం పెట్టుకోవాలి, ఆ మూడోది ఒక్క సబ్బు కొనే ముసలాయనే అయినా సరే. పది అడుగుల దూరం, చేతిలో నాలుగు సరుకులున్న బుట్ట. కొనేమనిషి రెండోసారి వెనక్కి తిరిగి చూస్తే ఆ కాగితం అక్కడితో ఆపేయాలి. ఫోటోలు, వీడియోలు వద్దు, పేర్లు వద్దు. యజమాని అనుమతి కాగితం మీద జేబులో ఉండాలి. ఎవరైనా అడిగితే ఉన్నమాట చెప్పాలి. పనిచేసేవాళ్లలో సూపర్‌వైజర్‌కు తప్ప ఎవరికీ చెప్పకపోవడం మంచిది. చెబితే ఆరోజు అందరూ ర్యాకులు సర్దుతూ, అడక్కముందే దారి చూపుతూ ఉంటారు.

సీసీటీవీ ఉంది కదా, దాన్ని చూస్తే పోదా అన్నారు యజమాని. కెమెరా పైనుంచి చూస్తుంది, తల, వీపు కనబడతాయి. ప్యాకెట్ వెనక్కి తిప్పి గ్రాములు చదివిన వేలు కనబడదు. ఈ పనికి కావాల్సింది ఆ వేలే.

గడప దగ్గర

గాజు తలుపు తోసుకుని ఎండలోంచి లోపలికొచ్చిన మనిషికి మొదటి ఎనిమిది, పది అడుగులు ఏమీ కనబడవు. కళ్లు వెలుగుకు, ఒళ్లు చల్లదనానికి సర్దుకుంటుంటాయి. సరిగ్గా ఆ జాగాలోనే ఈ అంగడి తన పెద్ద ఆఫర్ బోర్డు నిలబెట్టింది. అక్కడ ఆగినవాళ్లు దాదాపు లేరు, బోర్డును తప్పించుకుని పక్కనుంచి పోయారు. బుట్టల దొంతరా అక్కడే ఉంది. బుట్ట అవసరం తలుపు దగ్గర తెలియదు. మూడో వస్తువు చేతికి తీసుకున్నాక తెలుస్తుంది, అప్పటికి బుట్టలు వెనక ఎక్కడో ఉంటాయి. రెండు చేతులూ నిండిన మనిషి అంతటితో ఆపేసి వరుసలో నిలబడతాడు. చిన్న బిల్లులకు ఒక కారణం ఇంత మామూలుది.

కొత్త టైల్స్ తళతళలాడుతుంటే పల్లె నుంచి వచ్చిన పెద్దవాళ్లు కొందరు చెప్పులు తలుపు బయట విడిచి లోపలికొచ్చారు. ఇది నవ్వుకునే విషయం కాదు. అంగడి వాళ్లను ఇంకొకరి ఇంట్లోకి అడుగుపెట్టినట్టు బెదరగొడుతోందని అర్థం. అట్లా వచ్చినవాళ్లు ఏదీ ముట్టుకోరు. ఎవరైనా కనబడితే "చింతపండు యాడుంది నా?" అని అడుగుతారు, లేదంటే ఒక చుట్టు చుట్టి వెళ్లిపోతారు.

సంచుల వ్యవహారం అన్నిటికంటే విడ్డూరంగా ఉంది. దొంగతనాల భయంతో సంచులు తలుపు దగ్గర తీసుకుని టోకెన్ ఇస్తున్నారు. 120 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం కాబట్టి బిల్లు దగ్గర గుడ్డసంచి డబ్బుకు అమ్ముతున్నారు. అంటే ఇంటి నుంచి సంచి తెచ్చిన మనిషి దాన్ని గడప దగ్గర వదిలి, పది అడుగుల అవతల ఇంకోటి కొనాలి. కొందరు సరుకు చేతుల్లో పట్టుకునే టోకెన్ దగ్గరికి పోయి సంచిలో వేసుకున్నారు, కొందరు కౌంటర్‌లోనే వాదనకు దిగారు.

చేతికి తెలిసేది

పాతూరు కిరాణా అంగట్లో కొనేవాళ్లు కళ్లతో కొనరు. బియ్యం పిడికిట్లోకి తీసుకుని రుద్ది, ఒక గింజ కొరికి, పాతవా కొత్తవా అని తేల్చుకుంటారు. కొత్త బియ్యమైతే అన్నం ముద్దవుతుంది. బుడ్డల (వేరుశనగ) విత్తనాలు రెండు నోట్లో వేసుకుంటే చేదెక్కిందీ లేనిదీ తెలిసిపోతుంది. ఎండుమిరపకాయ వాసన చూస్తారు. రంగుకు బ్యాడిగి, కారానికి గుంటూరు అని కలిపి కొనే ఇళ్లు కర్ణాటకకు దగ్గరగా ఉన్న ఈ జిల్లాలో చాలా ఉన్నాయి.

ఇక్కడ అన్నీ సీలు వేసిన ప్యాకెట్లే. కాగితాల మీద 'తి' గుర్తులు ఎక్కువ పడింది బేడలు, బుడ్డలు, బియ్యం ర్యాకుల దగ్గరే. దృశ్యం కూడా దాదాపు ఒకటే: కందిబేడల ప్యాకెట్ తీసుకుంటారు, వెలుగు వైపు ఎత్తి చూస్తారు, కవరు మీదనుంచే వేళ్లతో నలుపుతారు, పెట్టేస్తారు. ధర చీటీ వైపు చూడకుండానే పెట్టేసినవాళ్లు చాలామంది. ధర తగ్గించి ఉంటే ఆ రెండు రూపాయలూ ఊరికే పోయేవి, ప్యాకెట్ అక్కడే ఉండేది.

నూనెల దగ్గర మాత్రం ధర చూశారు, అదీ జాగ్రత్తగా. ఒకప్పుడు లీటరు ప్యాకెట్ అంటే లీటరే. ఇప్పుడు 910 గ్రాములది, 870ది, 850ది పక్కపక్కనే ఒకే ఎత్తులో నిలబడతాయి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఉదాహరణకు 910 గ్రాములది 182 రూపాయలు, 850 గ్రాములది 174 అనుకుందాం. రెండోది ఎనిమిది రూపాయలు చౌకగా కనబడుతుంది. 100 గ్రాములకు లెక్కేస్తే మొదటిది 20 రూపాయలు, రెండోది 20 రూపాయల 47 పైసలు. ఈ లెక్క ర్యాక్ ముందు మనసులో వేయడం కష్టం. వేయలేకపోయినవాళ్లు మోసమేదో ఉందని అనుమానించి రెండూ వదిలేస్తారు. ప్యాకెట్ మీద యూనిట్ ధర అచ్చేసి ఉంటుంది గానీ ఆ అక్షరాలకు కళ్లజోడు కావాలి.

పేర్లు, సందులు, ఎత్తులు

బోర్డులన్నీ 'పల్సెస్', 'స్పైసెస్', 'స్టేపుల్స్' అని ఇంగ్లీషు అక్షరాల్లో. కూరగాయల తూకం యంత్రంలోనూ అంతే. చీటీ రాసుకొచ్చిన ఆమె చీటీలో ఉర్లగడ్డ, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, పెసరబేడలు, బొరుగులు అని ఉంటుంది. ఆ చీటీకి ఈ బోర్డుకు మధ్య ఒక అనువాదకుడు కావాలి, ఆ పని సేల్స్ పిల్లల మీద పడుతోంది. పరిశీలన రోజుల్లో వాళ్లను అడిగిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం 'ఎక్కడ' అన్నవే. 'ఎంత' అన్నవి కొద్ది.

చీటీకి ఒక వరుస ఉంటుంది, అది వంటింటి వరుస. బేడలు, చింతపండు, మిరపకాయలు, ఆవాలు, జీలకర్ర, నూనె, ఆఖరున సబ్బులు. ఈ అంగట్లో బేడలు ఎడమ గోడకు, చింతపండు కుడి మూలకు, మిరపకాయలు నడుమ ఉన్నాయి. చీటీ ఉన్నవాళ్ల దారులు కాగితం మీద చిక్కుపడిన దారంలా వచ్చాయి. ఇట్లా తిప్పితే మిగతా సరుకూ కంటబడుతుందన్నది యజమాని లెక్క. ఈ ఆలోచన పాతదే. సరుకు కొనేవాళ్లే తీసుకునే మొదటి అంగడి 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో తెరిచినప్పుడు, లోపలికొచ్చినవాళ్లు అన్ని వరుసలూ తిరిగితే తప్ప బయటపడకుండా దారి కట్టారు. అప్పటిదాకా ర్యాకులే ముట్టుకోని జనానికి అది చెల్లింది. చీటీ చేతిలో పెట్టుకుని, పక్క వీధిలో చీటీ ఇస్తే చాలు అన్నీ కట్టిపెట్టే కిరాణా అంగడి ఉన్న మనిషికి చెల్లదు. మూడోసారి వెనక్కి నడవాల్సివచ్చినప్పుడు ఆమె చీటీ మడిచి పర్సులో పెట్టేస్తుంది.

సందుల వెడల్పు నమూనాలో నాలుగున్నర అడుగులు. దారిలో నిలిపిన ఆఫర్ డబ్బాల వల్ల మసాలాల సందు మూడడుగుల రెండంగుళాలకు వచ్చింది. ట్రాలీ వెడల్పు దాదాపు 21 అంగుళాలు. మసాలా ప్యాకెట్లు చిన్నవి, వంగి చదవాలి. వంగిన ఆడమనిషి వెనకనుంచి ఎవరో రాసుకుంటూ పోతే ఆమె లేచి పక్కకు జరుగుతుంది, మళ్లీ వంగదు. ఒకే గంటలో ఇది పదేపదే కనబడింది. అంగడి లెక్కలో ఆ ర్యాక్ 'కదలని సరుకు'. నిజానికి కదలనివ్వనిది సందు.

ర్యాకులు ఏడడుగులవి. మన ఆడవాళ్ల సగటు ఎత్తు ఐదడుగుల చిల్లర. ఐదున్నర దాటిన అరలో పెట్టింది తీయాలంటే వాళ్లు చెయ్యి పైకెత్తి సాగదీయాలి. అక్కడ పసిపిల్లల సరుకులు పెట్టారు. చంకలో బిడ్డతో వచ్చిన తల్లి ఒంటి చేత్తో పైఅర అందుకోవాలి!

బండికి పట్టినంత

అసలు సంగతి అంగడి బయట, పార్కింగ్‌లో తెలిసింది. ఇక్కడికి వచ్చేవాళ్లలో కారున్నవాళ్లు కొద్దిమంది, మిగతావాళ్లంతా స్కూటర్లు, మోటార్‌సైకిళ్ల మీదే. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కేజీల వరకు ఉంటే 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడుతోంది. అందుకే మూటలు 26 కేజీలయ్యాయి. స్కూటర్ కాళ్ల దగ్గర అట్లాంటి మూట ఒకటి పడుతుంది. మోటార్‌సైకిల్‌కు ఆ జాగా లేదు. ట్యాంకు మీద పిల్లాడు, వెనక భార్య, ఆమె ఒళ్లో ఒక సంచి, హ్యాండిల్‌కు ఇంకో సంచి. అంతే.

కాబట్టి కొనుగోలు ఆగేది డబ్బు దగ్గర కాదు, బండి దగ్గర. బుట్ట సగం నిండాక మొగాయన "ఇంక చాల్లే, యాడ పెట్టేది" అన్నట్టు చూడటం, ఆమె సర్ఫు పెద్ద ప్యాకెట్ తీసి చిన్నది వేసుకోవడం కాగితాల మీద మళ్లీ మళ్లీ కనబడ్డాయి. ఉచిత డెలివరీ ఉంది, కానీ ఆ బోర్డు బిల్లు కౌంటర్ దాటాక, బయటికి పోయే తలుపు పక్కన. కొనడం అయిపోయాక తెలిసే సౌకర్యం ఎవరికి పనికొస్తుంది? పాతూరులో చీటీ ఇచ్చి పోతే సాయంత్రానికి సరుకు ఆటోలో ఇంటికొస్తుంది. ఈ అంగడికి పోటీ అక్కడే, బేడల ధరలో కాదు.

బిల్లు దగ్గర మిగిలినవి

రోజు ముగిశాక కౌంటర్ల కింద ఒక బుట్టలో, వద్దని వదిలేసిన సరుకు పోగవుతుంది. పనివాళ్లు దాన్ని రాత్రి ర్యాకుల్లో సర్దేస్తారు. సర్దే ముందు రాసిపెట్టుకుంటే చాలు, సగం పరిశీలన అయినట్టే. ఇక్కడ ఆ బుట్టలో ఎక్కువగా కనబడినవి నెయ్యి, జీడిపప్పు, రెండో నూనె ప్యాకెట్, తూకం వేయించని కూరగాయలు.

మొదటి మూడింటికీ కారణం ఒకటే. నోట్లు తెచ్చుకున్నవాళ్లు మొత్తం ఎంతవుతోందో మనసులో కూడుకుంటూ వస్తారు. స్క్రీన్ క్యాషియర్ వైపే తిరిగి ఉంది. ఆఖర్లో ఒకేసారి మొత్తం వినగానే తత్తరపడి, చేతికి మొదట దొరికిన ఖరీదైనదాన్ని పక్కన పెట్టేస్తారు. ఒకే బార్‌కోడ్‌కు పాత స్టాకు, కొత్త స్టాకు రెండు ఎమ్మార్పీలు ఉన్నప్పుడు క్యాషియర్ తొందరలో పైనున్నది నొక్కడం ఇంకో జబ్బు. ఒక్కసారి ప్యాకెట్ మీదికీ బిల్లులోకీ తేడా కనబడిన మనిషి, ఆ తర్వాత తలుపు దగ్గర నిలబడి ప్రతి వరుసా చదివి పోతాడు.

కూరగాయల సంగతి వేరు. తూకం ఒక మూల, కొనేవాళ్లకు తెలియదు. కౌంటర్ దాకా వచ్చాక వెనక్కి పంపుతారు, వరుసంతా ఆగుతుంది, వెనకనున్నవాళ్లు గొణుగుతారు. రెండోసారి టమాటాలు వదిలేసి పోతారు. కక్కలపల్లి మండీ పక్కనే ఉన్న ఊర్లో టమాటా కోసం ఎవరూ వరుసలో అవమానపడరు.

మార్చినవి, మారనివి

ధరలు ముట్టుకోలేదు. ఆఫర్ బోర్డు తలుపు నుంచి 14 అడుగుల లోపలికి జరిగింది. బుట్టల దొంతరలు మూడయ్యాయి, ఒకటి బియ్యం దగ్గర, ఒకటి నూనెల దగ్గర, ఒకటి సబ్బుల దగ్గర. వచ్చిన మార్పుల్లో అన్నిటికంటే చౌకైనదీ, అదే రోజు కనబడిందీ ఇదే. బోర్డులు పెద్ద తెలుగు అక్షరాల్లో, ఇక్కడి పేర్లతో రాయించారు. కందిబేడలు, చింతపండు, ఎండుమిరప, పోపు సామాన్లు ఒకే సందులోకి వచ్చాయి. ఆఫర్ డబ్బాలు దారిలోంచి తీసేశారు. నూనెల అరకు 100 గ్రాముల ధర పెద్ద అంకెల్లో అతికించారు. పసిపిల్లల సరుకు మూడడుగుల నుంచి నాలుగున్నర మధ్యకు దిగింది. క్యాషియర్ స్క్రీన్‌కు తోడు కొనేవాళ్ల వైపు చిన్న డిస్‌ప్లే పెట్టారు. తూకం యంత్రం కూరగాయల నుంచి బయటికొచ్చే ఒకే దారిలో కూర్చుంది, దాన్ని దాటకుండా పోవడానికి లేదు. డెలివరీ బోర్డు బియ్యం మూటల మీదికి వెళ్లింది: మూట ఇక్కడే వదలండి, 3 కిలోమీటర్ల వరకు ఇంటికి చేరుస్తాం. ఆ తర్వాతి పరిశీలనలో మూట సంగతి తేలినవాళ్లు బుట్ట వదిలి ట్రాలీ తెచ్చుకోవడం కనబడింది.

నమూనా పళ్లేల ప్రయోగం సగమే ఫలించింది. ప్యాకెట్ల ముందు అదే లాటులోని బియ్యం, బేడలు, బుడ్డలు పళ్లెంలో పోసి పెట్టారు. బియ్యం, బేడల పళ్లేలు పనిచేశాయి, జనం రుద్ది చూసి ప్యాకెట్ తీసుకున్నారు. బుడ్డల పళ్లెం పిల్లలకు ఫలహారమైంది. బెల్లం ముక్కలు కూడా పెడదామని ఎవరో ఉత్సాహపడ్డారు, మధ్యాహ్నానికి చీమలు దారి కట్టాయి. చెంచా పెట్టిన గాజు సీసా ప్రయత్నించారు, చెంచా ఎవరూ ముట్టుకోలేదు. చివరికి బుడ్డల నమూనా అడిగితే ఇచ్చేట్టు సేల్స్ అమ్మాయి దగ్గర డబ్బాలో ఉంచారు. పళ్లేలు రోజుకు రెండుసార్లు మార్చాలి. లాటు మారిన రోజే పళ్లెం మారాలి, లేకుంటే చూపింది ఒకటి, ఇంటికొచ్చింది ఇంకోటి అవుతుంది. అప్పుడు ఈ పద్ధతి మొదటికే మోసం తెస్తుంది.

ఆకుకూరలు పొద్దున 11 దాకే ఉంచమన్న సలహాను యజమాని ఒప్పుకున్నారు. ఏసీ గాలికి మధ్యాహ్నానికి వాడిపోయిన తోటకూర కట్ట పక్కనున్న తాజా వంకాయ మీద కూడా అనుమానం పుట్టిస్తుంది.

సంచుల టోకెన్ విషయంలో మాత్రం ఆయన కదల్లేదు. పోయేవి ఎక్కువగా బ్లేడ్లు, బామ్ డబ్బీలు, చిన్న చాక్లెట్ల లాంటివి కాబట్టి వాటిని క్యాషియర్ కళ్ల ముందుకు జరిపి సంచులు లోపలికి రానివ్వండి అంటే, ఒక నెల చూద్దాం అన్నారు. మధ్యే మార్గంగా సంచి మూతికి ట్యాగ్ కట్టి మనిషితోనే లోపలికి పంపి, బిల్లు దగ్గర ట్యాగ్ కత్తిరించే ఏర్పాటు ఒక కౌంటర్‌లో మాత్రం పెట్టారు. ఆ కౌంటర్ వరుసే పొడుగ్గా ఉంటోంది.